చీర్ అనే మాటకి మొదటి అర్థం

నార్త్ షీల్డ్స్ రేవులో
చేపలు తూచే షెడ్డు పక్కన
నెడ్ స్టాబర్ట్ నలభై ఏళ్లు
ఎదురొచ్చిన ప్రతి మనిషినీ ఒకటే అడిగాడు:
వాట్ చీర్?

అడుగుతూనే దాటిపోయేవాడు.
జవాబు కోసం ఎన్నడూ ఆగలేదు.
మనం "భోంచేశారా" అన్నట్టే అది,
అన్నం పెట్టే ఉద్దేశం ఉండనక్కర్లేదు.

మార్చిలో ఒక మంగళవారం
టీ కప్పు చేతిలోంచి జారింది.
కుడివైపు మొహం
మేకు ఊడిన పటంలా ఒరిగిపోయింది.
మాటలన్నీ పోయి
బూతులు రెండు మిగిలాయి.
నర్సులు మంచివాళ్లు,
విననట్టే దుప్పటి సర్దారు.

ఎట్టీ వలలు బాగుచేసిన మనిషి.
ఎంత చిక్కైనా
కొస దొరికితే విడిపోతుందని నమ్మకం.
"అతనికి నోట్లో నానిన మాటతో మొదలుపెట్టండి"
అంది స్పీచ్ థెరపీ అమ్మాయి.
లైబ్రరీ నుంచి అట్ట ఊడిన నిఘంటువు తెచ్చి
మంచం పక్కన కుర్చీ లాక్కుంది.

చీర్ అంటే మొదట్లో సంతోషం కాదు, నెడ్.
మొహం అట. ఒట్టి మొహం.
ఫ్రాన్సు నుంచి సముద్రం దాటి వచ్చింది.
అంతకుముందు లాటిన్‌లోనూ మొహమే.
ఇంకా వెనక్కి పోతే
(ఖాయంగా చెప్పలేం అని రాశారు)
గ్రీకులో తల.

ఇక్కడ నేనొక్క నిమిషం అడ్డొస్తాను.
ఆ గ్రీకు తల
మన శిరస్సుకి చుట్టమే.
పెళ్లికి పిలవనంత దూరం,
పోలిక మాత్రం పోలేదు.

ఆ రోజుల్లో
ఏడుపుగొట్టు చీర్ ఉండేదట,
పాలిపోయిన చీర్ ఉండేదట,
మొహం మీద ఏది ఉంటే అది.
తర్వాత ఆ మాట మొహం నుంచి మనసులోకి దిగింది,
మనసులోంచి కంచంలోకి:
పండగ పూట వేయించిన మాంసమూ చీరే,
పక్కన పోసిన మద్యమూ చీరే.
ఓడ మీద నావికులు గొంతెత్తి అరిస్తే అదీ.
ఇవాళ బస్సు దిగుతూ డ్రైవరుకి చెప్పే థాంక్సూ అదే.
అద్దెకొచ్చినవాళ్లు గదులన్నీ నిండిపోయాక
ఇల్లుగలవాడు ఎలా ఉంటాడో
ఎవరికీ గుర్తు లేదు.

ఎట్టీ కళ్లజోడు తీసింది.
అయితే నువ్వు ఇన్నేళ్లూ
రేవులో అందరినీ
"ఏం మొహం?" అని అడిగావన్నమాట!

మా వైపు అడిగుంటే కొట్లాటయ్యేది.
ఏ మొహం పెట్టుకుని వచ్చావనడం
పలకరింపు కాదు మాకు.
కానీ మేమూ అంతే,
సిగ్గునీ అలకనీ అప్పునీ
మొహానికే తగిలిస్తాం.
ముడుచుకుంటాం, మాడ్చుకుంటాం, చాటేస్తాం.
మనసుని చూసినవాడెవడు గనక.

శనివారం టగ్‌బోటు స్నేహితులు వచ్చారు.
కత్‌బర్ట్ హెస్లప్ కిటికీతో మాట్లాడాడు,
దుప్పటితో మాట్లాడాడు,
ద్రాక్షపళ్ల సంచీతో చాలాసేపు మాట్లాడాడు.
పోతూ పోతూ తలుపు దగ్గర
"చియర్స్, నెడ్" అని గట్టిగా అరిచాడు,
పోయింది చెవులన్నట్టు.
అంత పెద్ద మాటలో
చూసిన మొహం ఒక్కటీ లేదు.

వాళ్లు వెళ్లాక
నెడ్ ఎడమచెయ్యి దుప్పట్లోంచి బయటికొచ్చింది.
ఎట్టీ ముక్కు మీద
కళ్లజోడు వదిలిన రెండు నొక్కుల్ని
వేలితో తడిమాడు.
మిగిలిన రెండు బూతుల్లో
చిన్నది ఎంచుకుని
మెల్లగా, చివర పైకి లేపి,
ప్రశ్నలా అన్నాడు.

అని, ఆగాడు.
ఎక్కడికీ పోలేడు గనక ఆగాడో,
నలభై ఏళ్ల బాకీ గుర్తొచ్చి ఆగాడో.

బాలేదు, నెడ్, అంది ఎట్టీ.
మోకాలు నొప్పి.
వంటింట్లో పైపు కారుతోంది.
రాత్రుళ్లు నీ వైపు పక్క చల్లగా ఉంటోంది.
ఇంకా చెప్పనా?

కింద నదిలో
సౌత్ షీల్డ్స్ ఫెర్రీ హారన్ కొట్టింది.
ఇంకా చెప్పింది.